రెండో సిలిండరు పలకలేదు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏమీ ఉండేది కాదు. తెలియకపోవడం అనేది ఉద్యోగం చేస్తూ చేస్తూ మెల్లగా నేర్చుకున్నాను గానీ, ఇరవై రెండేళ్ళ వయసులో, గుడ్లవల్లేరు బస్సులో నాలుగేళ్ళు వేలాడి ఇంజనీరింగ్ పూర్తిచేసిన కొత్తలో, లోకంలో ఉన్న యంత్రాలన్నీ నేను వచ్చి చెయ్యేస్తే చాలు బాగుపడదామని ఎదురుచూస్తున్నాయని గట్టి నమ్మకం. (మా నాన్న నమ్మకం వేరు. "వీడు చెయ్యేస్తే బాగున్నది కూడా మూలపడుద్ది" అనేవారు. మా ఇంటి మిక్సీ ఆయన తరఫు సాక్షి.) గుడివాడ పక్కన వరిచేల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. నాకు తెలిసిన నీళ్ళంటే పొలంలో మోకాలి లోతు నీళ్ళే. ఈత రాదు. అలాంటివాడికి దేవుడు ఏరికోరి ఎక్కడ ఉద్యోగం వేయించాడయ్యా అంటే, బందరులో పడవల మోటార్లు అమ్మి, రిపేర్లు చేసే షాపులో. మా అమ్మ సంచిలో ఆవకాయ సీసా సర్దుతూ, "ఉద్యోగం బుద్ధిగా చేసుకో నాన్నా, కానీ నీళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకు" అంది. నేను కూడా బుద్ధిగా తలూపాను.

షాపులో ఓనరు గారి తర్వాత అంతటివాడు పెద్దమేస్త్రి. ఆయన చదివింది అయిదో తరగతి. ఇంజను మూత తీయకుండా, తాడు లాగినప్పటి చప్పుడు విని, గడ్డం గోక్కుని, జబ్బేమిటో చెప్పేసేవాడు. నాకు ఆయన్ని చూస్తే పాపం అనిపించేది. ఎందుకంటే నా దగ్గర పుస్తకం ఉంది. మోటారు కంపెనీ వాళ్ళు అచ్చేసిన సర్వీసు పుస్తకం, రంగుల బొమ్మలతో సహా. అందులో నాకు ప్రాణమైన పేజీ ప్లగ్గుల పేజీ. సిలిండరు నెత్తిన కూర్చుని లోపల నిప్పురవ్వ పుట్టించే బుల్లి వస్తువు ఈ ప్లగ్గు. దాన్ని ఊడదీసి మూతి రంగు చూస్తే సిలిండరు ఆరోగ్యం తెలిసిపోతుందని పుస్తకం చెప్పింది. నల్లగా జిడ్డోడుతుంటే జబ్బు. తెల్లగా పాలిపోతే ఒంట్లో వేడి. పసుపు కలిసిన గోధుమరంగులో ఉంటే నిండు నూరేళ్ళ ఆరోగ్యం. చిన్నప్పుడు ఎక్కాలు కూడా అంత శ్రద్ధగా బట్టీపట్టలేదు నేను.

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలూ సముద్రంలో వేట నిషేధం కదా. జూన్ మధ్యలో అది ముగిసేనాటికి మా షాపు పెళ్ళివారిల్లే. రెండు నెలలు పడుకున్న ఇంజన్లన్నీ ఒకేసారి మూలుగుతూ లేస్తాయి. సరిగ్గా చివరిరోజు ఉదయం దివిసీమ నుంచి ఫోను వచ్చింది. నాగాయలంక దాటాక, కృష్ణ పాయ ఒడ్డున ఓ పల్లె. రెండు సిలిండర్ల మోటారు, ఒక సిలిండరు పనిచేయడం లేదు, తెల్లారేసరికి పడవ వెళ్ళి తీరాలి. పెద్దమేస్త్రి అప్పటికే మోచేతుల దాకా ఇంకో ఇంజన్లో మునిగి ఉన్నాడు. ఓనరు గారు షాపంతా ఒకసారి చూసి, ఇక గత్యంతరం లేక, "ఇంజనీరు గారూ, మీరే వెళ్ళాలి" అన్నారు. ఒంటరిగా వెళ్ళే మొదటి పని! టూల్ బాక్సు, బట్టల సంచి, పుస్తకం, కొత్త ప్లగ్గు ఒకటి (ఆ హడావుడిలో షాపులో మిగిలింది అదొక్కటే) తీసుకుని బయల్దేరుతుంటే పెద్దమేస్త్రి తల ఎత్తకుండానే అన్నాడు: "అబ్బాయ్, వెళ్ళగానే ముందు ఇంట్లో ఆడోళ్ళని పలకరించు. ఇంజను మూత ఆ తర్వాత తియ్యి." మర్యాద నేర్పుతున్నాడనుకున్నాను. లేకపోతే భోజనం సంగతేమో అనుకున్నాను. చల్లపల్లి దాటేసరికి మర్చిపోయాను కూడా.

పడవ ఓనరుని పల్లెంతా తొందర బావ అని పిలుస్తారని ఆటో దిగగానే తెలిసింది. ఎందుకో మరుక్షణంలో తెలిసింది. నేను ఆటో అతనితో మాట్లాడుతుండగానే ఆయన నా టూల్ బాక్సు లాక్కుని రేవు వైపు పరుగెత్తుతున్నాడు. "రండి రండి ఇంజనీరు గారూ, పొద్దుపోతాంది" అంటూ. అప్పుడు టైము పదిన్నర. నడుస్తూనే కథంతా చెప్పేశాడు. వేట తెరిచిన రోజు పల్లెలోని ముప్ఫై పడవలూ కలిసి తెల్లవారుజామున బయల్దేరతాయి. ఏరు సముద్రంలో కలిసేచోటు అలలు అడ్డంగా విరిగిపడుతుంటాయి. దాన్ని మొగ అంటారు. ఏటా ఒక పడవ ముందు మొగ దాటి దారి చూపిస్తుంది, మిగతావి వెనకాల వెళ్తాయి. ఆ ముందు నడిచే వంతు ఎన్నో ఏళ్ళకి ఈసారి బావకి వచ్చింది. "ఒంటి సిలిండరుతో మొగ దాటలేం బామ్మర్దీ. అల మీద ఎక్కాల్సిన టయానికి ఇంజను దగ్గిందంటే పడవ బోర్లా పడుద్ది. నువ్వు బాగుచెయ్యకపోతే వంతు పక్కోడికి పోద్ది" అన్నాడు. ఇంజనీరు గారు బామ్మర్ది కావడానికి ఫర్లాంగు దూరం కూడా పట్టలేదు.

పడవ ఒడ్డు పక్కన నీళ్ళలో కట్టేసి ఉంది. (అది నీళ్ళలో ఉంటుందని నేనెందుకో ఊహించలేదు.) రెండు చేతులతో అంచు పట్టుకుని, పాకుతూ ఎక్కి, తాడు లాగాను. టప్పు, టప్పు, టుప్, బుడుంగు. మిస్సింగ్ కొడుతోంది. "పోయిన వేటలో బంగారంలా పనిచేసింది, నిన్న స్టార్ట్ చేస్తే ఇదీ వరస" అన్నాడు బావ. పుస్తకంలో మొదటి ప్రశ్న ప్రకారం, "ఈ రెండు నెలల్లో ఇంజను ఎవరైనా విప్పారా?" అని అడిగాను. బావ ఏటి వైపు చూస్తూ, "ఇంజనా? ఇంజను ఎవరూ ముట్టుకోలేదు" అన్నాడు. ఆ చూపు చూసైనా నాకు అనుమానం రావాలి. రాలేదు.

ఇంజను నడుస్తుండగా ఒక్కో ప్లగ్గు క్యాపూ పీకి చూడాలి. ఏది పీకితే ఇంజను చప్పుడు మారదో ఆ సిలిండరు చచ్చినట్టు లెక్క. మొదటిది తడిచేత్తో పట్టుకుని పీకాను. భుజం దాకా కరెంటు కొట్టి పడవ అడుగున కూలబడ్డాను. "అందరూ అట్టాగే నేర్చుకుంటార్లే" అన్నాడు బావ, ఓదార్పుగా. గుడ్డ చుట్టుకుని మళ్ళీ పీకితే ఇంజను ఆగిపోయింది, అంటే అది బతికే ఉంది. మళ్ళీ స్టార్ట్ చేసి రెండోది పీకితే తేడా ఏమీ లేదు. టప్పు టప్పుమంటూనే ఉంది. దొంగ దొరికింది, రెండో సిలిండరు! ఇక ప్లగ్గులు ఊడదీసి మూతులు చూశాను. చూసి అయోమయంలో పడ్డాను. బాగా పనిచేస్తున్న మొదటి సిలిండరు ప్లగ్గు నల్లగా, జిడ్డుగా ఉంది. అసలు పలకని రెండోదాని ప్లగ్గు మాత్రం పసుపు కలిసిన గోధుమరంగులో, అచ్చం పుస్తకంలో బొమ్మలాగే, నిండు నూరేళ్ళ ఆరోగ్యంతో మెరుస్తోంది. ఆ రంగు అంత చక్కగా ఉన్న ప్లగ్గు నేను అప్పటిదాకా చూడలేదు. ఆ తర్వాత కూడా చూడలేదు.

అక్కడ ఆగి ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే నా పేరు నిలిచేది. కానీ ఎదురుగా ఇంజను ఒకటి చెబుతుంటే, చేతిలో పుస్తకం ఇంకొకటి చెబుతుంటే, చదువుకున్నవాడు దేన్ని నమ్ముతాడు? మొదటి ప్లగ్గు ఇవాళో రేపో చచ్చేదే అని తీర్పిచ్చి, నా దగ్గరున్న ఒకే ఒక్క కొత్త ప్లగ్గుని అక్కడ బిగించాను. నల్లటి ప్లగ్గుని, బావ చూస్తుండగా, ఏట్లోకి గిరవాటేశాను. (ఆ విసురులో ఒక హుందాతనం ఉంది. నాకు బాగా గుర్తు.) రెండోదాన్ని అనుమానం కొద్దీ ఇంజను ఒంటికి ఆనించి తాడు లాగితే, చిటుక్కుమని నీలం రవ్వ కూడా వచ్చింది. ఇంకేం కావాలి! బయట గాల్లో రవ్వ వచ్చే ప్లగ్గు, లోపల సిలిండరు ఒత్తిడిలో నోరు మూసుకోవచ్చన్న సంగతి పుస్తకంలోనే తర్వాతి పేజీలో ఉంది. ఆ పేజీ పరీక్షకు రాదనుకుని వదిలేశాను కాబోలు.

ప్లగ్గు మంచిదైతే జబ్బు ఇంకెక్కడో ఉన్నట్టే కదా. కాబట్టి మిగతాదంతా విప్పాను. వైర్లు విప్పాను, కాయిల్ విప్పాను, కార్బురేటర్ విప్పి ముక్కలన్నీ వరసగా అన్నం పళ్ళెంలో పేర్చాను. ఆ పళ్ళెం తెచ్చిచ్చింది బావ భార్య. నేను అక్కా అన్నాను, ఆవిడ తమ్ముడూ అంది. "బాగున్నారా అక్కా?" "బాగున్నాను తమ్ముడూ." పెద్దమేస్త్రి చెప్పిన పలకరింపు అయిపోయిందని, ఆ పద్దు మనసులో కొట్టేశాను. మధ్యాహ్నం రొయ్యల కూరతో అన్నం పెడుతూ ఆవిడ ఏదో చెప్పబోయింది. "తమ్ముడూ, ఆ ప్లగ్గు..." నేను చెయ్యెత్తి ఆపాను. నోట్లో రొయ్య ఉంది, చేతిలో టైము లేదు. "ప్లగ్గు గురించి దిగులు వద్దక్కా. అంత మంచి ప్లగ్గు ఈ జిల్లాలో ఇంకొకటి ఉండదు. ఎంత బాగా చూసుకున్నారో తెలుస్తూనే ఉంది" అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. బావ వైపు తిరిగి, "విన్నావా?" అంది. బావ తలవంచుకుని అన్నం కలుపుకున్నాడు. మొగుడూ పెళ్ళాల మధ్య ఏదో గొడవలే అనుకుని ఇంకో గరిటె కూర వేయించుకున్నాను.

సాయంత్రం ఆరింటికి ఇంజనంతా మళ్ళీ బిగించి, ఒక స్ప్రింగు ఎక్కడిదో తెలియక జేబులో వేసుకుని, తాడు లాగాను. టప్పు, టప్పు, టుప్, బుడుంగు. ఒడ్డున చేరిన పదిమందీ పది సలహాలు చెప్పారు. ఓనరు గారు ఫోను చేస్తే "అయిపోవచ్చిందండీ" అన్నాను. పెద్దమేస్త్రికి ఫోను చేద్దామని రెండుసార్లు నంబరు తీసి, అయిదో తరగతి మనిషిని ఇంజనీరు అడగడమేమిటని ఫోను జేబులో పెట్టేశాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి చెవి మెలిపెట్టాలనిపిస్తుంది.

తెల్లవారుజామున లేచి వెళ్ళేసరికి రేవంతా పెళ్ళికళతో ఉంది. ముప్ఫై పడవలకీ పూలదండలు. ఒక్కొక్కటే ఇంజన్లు లేస్తున్నాయి, డ్రర్రుమని, నా గుండెల మీద రోకళ్ళు దంచుతున్నట్టు. పల్లె పెద్దాయన వచ్చి, "పావుగంట చూద్దాం అబ్బాయ్. పోటు తగ్గేలోగా మొగ దాటాల. తర్వాత వంతు పక్క పడవకిచ్చేద్దాం" అన్నాడు. బావ సరేనన్నాడు. నా పక్కన కూర్చున్నాడు. తిట్టలేదు. కనీసం తొందరపెట్టలేదు. నాకు ఏడుపొచ్చింది, నిజం చెబుతున్నాను. ఊరంతా తొందర బావ అని పిలిచే మనిషి, ముందు వెళ్ళే పడవలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే నీళ్ళకేసి చూస్తున్నాడు. ఇంకేం చెయ్యాలో తోచక, రెండో ప్లగ్గు మళ్ళీ ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాను. ఆ వెలుతురులో కూడా అది ఎంత ముచ్చటగా ఉందో.

అక్క అప్పుడే పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలోకి దిగి వచ్చింది, ఇంజనుకి బొట్టు పెట్టడానికి. పెడుతూ పెడుతూ నా చేతిలో ప్లగ్గు చూసి, "దానికి మళ్ళీ పెట్టక్కర్లేదులే తమ్ముడూ. రెండు నెలలు మా అమ్మవారి పటం ముందే ఉంది. రోజూ స్నానం చేసి, కొబ్బరినూనెలో పసుపు కలిపి, నేనే పెట్టాను" అంది.

నేను ప్లగ్గుని చూశాను. అక్కని చూశాను. బావని చూశాను. బావ ఆకాశాన్ని చూశాడు.

"ఎవరూ ముట్టుకోలేదన్నారు కదా బావా!" అన్నాను. "ఇంజను ముట్టుకోలేదన్నాను. ప్లగ్గు సంగతి నువ్వు అడగలేదుగా" అన్నాడు బావ గొణుగుతూ. ఆవిడ పళ్ళెం పక్కన పెట్టేసింది. "పోయినేడు వేట మూసేసిన రోజుల్లో, ఇంజను ఎట్టా ఉందో చూసొస్తానని ఒక్కడే వెళ్ళాడు తమ్ముడూ, పిల్లలకి కూడా చెప్పకుండా. మొగలో ఇంజను ఆగిపోయింది. తెడ్డేసుకుంటా మర్నాడు మధ్యాహ్నానికి వచ్చాడు. అందాకా నేను ఈ రేవులోనే నిలబడ్డాను. మెతుకు ముట్టలా. అందుకే ఈ ఏడు వేట మూసిన రోజునే ఒక ప్లగ్గు పీకించి దాచేశాను. ప్లగ్గు నా దగ్గరుంటే మనిషి నా దగ్గరున్నట్టే" అంది. తర్వాత తెలిసింది, ఆవిణ్ణి చూసి ఆ పల్లెలో సగం ఇళ్ళల్లో ఆడవాళ్ళు అదే పని చేశారట. పెళ్ళాం ప్లగ్గు దాచిందని చెప్పుకోలేక మగవాళ్ళందరూ "ఇంజను ఎవరూ ముట్టుకోలేదు" అనే అంటారట. ఆ వారంలోనే అలాంటి ఇంజన్లు రెండు మా షాపుకి వచ్చి వెళ్ళాయట. పెద్దమేస్త్రి చెప్పింది మర్యాద గురించి కాదు!

ఇంకో ప్లగ్గు లేదు. ఉన్న పాత మంచి ప్లగ్గు నా చేత్తోనే హుందాగా ఏట్లో కలిసింది. మిగిలింది ఈ పసుపు ప్లగ్గే. రెండు నెలల పసుపూ నూనే మూతిలో దట్టంగా పట్టి, నిన్నటి వేడికి మాడి, ఇటుక గట్టిపడ్డట్టు గట్టిపడింది. రవ్వ పుట్టాల్సిన చోట పుట్టకుండా దాని మీదుగా జారిపోతోంది. సంచిలోంచి నా పళ్ళు తోముకునే బ్రష్షు తీసి, పెట్రోల్లో ముంచి తోమడం మొదలుపెట్టాను. పై పసుపు వదిలింది గానీ, సందులోది రాదే! "ఇటియ్యి. నేను పెట్టింది నేనే తీస్తా" అని అక్క లాక్కుంది. గాజులకున్న పిన్నీసు ఒకటి తీసి, చేప కడుపు శుభ్రం చేసే ఒడుపుతో, ప్లగ్గు మూతిలో చుట్టూ గీకింది. ముప్ఫై పడవల వాళ్ళూ ఇంజన్లు తగ్గించి చూస్తున్నారు. గీకి, పెట్రోల్లో కడిగి, చీర చెంగుతో తుడిచి, ఒకసారి కళ్ళకద్దుకుని నా చేతికిచ్చింది. బిగించాను. బావే తాడు లాగాడు.

డ్రర్ర్ర్ర్! రెండు సిలిండర్లూ ఒకే గొంతుతో. రేవంతా ఈలలు. అక్క కొబ్బరికాయ కొట్టింది. నేను రెండు చేతులూ పైకెత్తి, ఏమిటేమిటో అరుస్తూ గెంతాను. ఆ గెంతులో గమనించని విషయమేమిటంటే, తొందర బావకి తొందర తిరిగొచ్చింది. కట్టుతాడు ఎప్పుడు విప్పాడో తెలియదు, నేను కిందికి చూసేసరికి ఒడ్డు లేదు. "బావా, నేను దిగాలి! నాకు ఈత రాదు!" అని అరిచాను. "ఇప్పుడు ఆపితే మళ్ళీ స్టార్ట్ అవుద్దో లేదో, నువ్వుంటే మంచిదే" అన్నాడు. అందులో న్యాయం ఉందని ఒప్పుకోవాలి. అలా ఆ ఏడు వేటకి అందరికన్నా ముందు మొగ దాటిన పడవలో గుడివాడ రైతుబిడ్డ ఒకడు, పుస్తకాన్ని గుండెలకి హత్తుకుని, తెలిసిన దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తూ ఉన్నాడు. మొదటి అల మీదికి ఎక్కినప్పుడు జేబులో ఫోను మోగింది. అమ్మ. "ఎక్కడున్నావు నాన్నా, అంత చప్పుడేంటి?" "డ్యూటీలో ఉన్నానమ్మా, మిషన్లు నడుస్తున్నాయి" అన్నాను. "నీళ్ళ దగ్గరికి వెళ్ళట్లేదుగా?" అంది. లైను కట్ అయింది, దేవుడి దయ.

మూడు గంటల తర్వాత వెనక్కి వచ్చే పడవ ఒకటి నన్ను రేవులో దించింది. షాపుకి వెళ్ళగానే పెద్దమేస్త్రి అడిగాడు: "ఆడోళ్ళని అడిగావా?" "అడిగానండీ." "ఎప్పుడు?" "వాళ్ళే చెప్పాక." ఆయన నవ్వలేదు. నా చేతికి స్పానరిచ్చి, పక్కన పీట చూపించాడు. ఆ పీట మీద కూర్చుని నేర్చుకున్నదే నేను ఇప్పటిదాకా తింటున్నది.

ఇప్పుడు ఆ షాపులో పెద్దమేస్త్రి కుర్చీ నాదే. జుట్టు పలచబడింది, పుస్తకం ఎక్కడుందో తెలియదు. ఈ కథని నేను పెళ్ళయిన కొత్తలో మా ఆవిడకి చెప్పి తప్పు చేశాను. మొన్న ముసురు పట్టినప్పుడు, కోడూరు వైపు ఎవరిదో ఇంజను ఆగిందంటే, గాలివానలోనే బయల్దేరబోయాను. బైకు ఎంత కొట్టినా స్టార్ట్ కాలేదు. పెట్రోలు చూశాను, చోకు చూశాను, ఇంత అనుభవంతో పావుగంట తన్నాను. చివరికి వంగి చూస్తే క్యాపు వేలాడుతోంది, ప్లగ్గు లేదు. వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. "వాన తగ్గాక ఇస్తా" అంది, పొయ్యి వైపు నుంచి తిరక్కుండానే. ఇచ్చిన కాఫీ తీసుకుని వరండాలో కూర్చుని, "పసుపు మాత్రం పెట్టకే తల్లీ" అని అరిచాను.

మర్నాడు వాన వెలిశాక ప్లగ్గు చేతికొచ్చింది. మూతి శుభ్రంగానే ఉంది. పైన తెల్లటి పింగాణీ మీద మాత్రం, చిన్నది, ఒక పసుపు బొట్టు. గుడ్డ తీశాను గానీ తుడవడానికి చెయ్యి రాలేదు. అలాగే బిగించాను. దారి పొడుగునా బండి కాస్త మిస్సింగ్ కొడుతూనే ఉంది.